మా భోజనాల బల్ల మీద దిగంతం

2003 మే 18, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నేను, మేడ్చల్‌లో మా ఇంట్లో, భోజనాల బల్ల మీద భూగోళాన్ని వంచబోయి నా కొంప నేనే ముంచుకున్నాను.

ఎనిమిదడుగుల టేకు బల్ల అది. రెండేళ్లుగా దాని మీద అన్నం వడ్డించింది లేదు. మా ఆయనా, షామీర్‌పేటలో ప్లాట్లమ్మే నర్సింహారెడ్డి గారూ దాని మీద వేలిగోరంత సీసపు ట్యాంకులు పేర్చి, స్కేలుతో కొలిచి, పాచికలు వేసి యుద్ధాలు చేసేవారు. మేం నేల మీద తినేవాళ్లం. చివరికి ఒప్పందం కుదిరింది: ఆ రోజు మా ఆయన ఓడితే ఆట షామీర్‌పేటకు, బల్ల నాకు.

మా ఆయన ఫిరంగులు ఈ కొస నుంచి ఆ కొసకు కొడతాయి. రెడ్డి గారివి రెండడుగులు దాటవు. నా బల్ల చేజారిపోతోంది. అంపైరును నేనే.

"ఆగండి. భూమి గుండ్రం. దూరంగా ఉన్నది దిగంతం కిందికి దిగిపోతుంది. కనిపించనిదాన్ని ఎలా కొడతారు?"

"ఇది బల్లోయ్, భూమి కాదు!" అన్నారు మా ఆయన.

"మీ ట్యాంకులు నడిచేది భూమి మీదే అనుకోవాలిగా!"

కాగితం తీశాను. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. బొమ్మ ఎత్తు సెంటీమీటరు. 357 మీటర్లు వచ్చింది. ఆటలో అన్నీ మూడొందలో వంతు గనక మూడొందలతో భాగించాను. దాదాపు నాలుగడుగులు!

"నాలుగడుగులు దాటితే గుడ్డి," అని తీర్పిచ్చాను.

మా ఆయన ట్యాంకులు కళ్లజోడు పోయిన పెళ్లిపెద్దల్లా నిలబడిపోయాయి. రెడ్డి గారివి పాక్కుంటూ వచ్చి ఒక్కొక్కటే కొట్టాయి. ఇంకొక్కటి కూలితే బల్ల నాది. సరిగ్గా అప్పుడు రెడ్డి గారి చెయ్యి ఆగింది.

"టీచరమ్మా, గీ నాలుగడుగులు నిజం జాగల ఎంతైతది?"

"పన్నెండు వందల అడుగులు. పాచిక వెయ్యండి."

"గంతేనా? నేను జీపు మీద నిలవడి గిరాకీలకు కిలోమీటరు అవతలి ప్లాటు సూపిస్త గద! ట్యాంకుల ఉన్నోనికి గది గూడ కనవడదా?"

"మీరే గెలుస్తున్నారండీ. వెయ్యండి."

"గెలుస్తున్న గని, పరేషాన్ అయితాంది."

కాగితం మళ్లీ చూశాను. ట్యాంకును కుదించాను, భూమిని కుదించలేదు, వచ్చిన జవాబును మాత్రం మళ్లీ కుదించాను! అసలు ట్యాంకు ఎత్తు మూడు మీటర్లు. దిగంతం ఆరు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని భాగిస్తే అరవై ఏడడుగులు. నోరు మూసుకుంటే బల్ల దక్కేది. కానీ తప్పు లెక్కను అలా వదిలేయడం నాకు చేతకాదు. చెప్పేశాను. ఆట రద్దు, ఒప్పందమూ రద్దు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అరవై ఏడా! అయితే దిగంతం దాకా ఆడాలంటే ఈ బల్ల ఏ మూలకు?"

"వంటింటి గోడకెల్లి గేటు దాక జాగ ఉన్నది సార్! ఏది దొరికితె గది బల్లకు జోడిద్దాం, జల్దీ పట్టుండ్రి!"

కొలిచి చూశాను. సరిగ్గా అరవై ఏడే.

ఇక ఈ జన్మలో, ఎవరికి ఎంతదూరం కనిపిస్తుందో లెక్కగట్టనని పొయ్యి గట్టు ముట్టుకుని ఒట్టు వేశాను. పరచడానికి పనికిరాక మిగిలింది అదొక్కటే.

పోయినవి: భోజనాల బల్ల, ఎనిమిదడుగులు. మంచాలు రెండు, పదమూడు. ఇస్త్రీ బల్ల, నాలుగు. స్నానాలగది తలుపు, ఆరున్నర. వెరసి ముప్పై ఒకటిన్నర.

దిగంతం ఇంకా ముప్పై అయిదున్నర అడుగుల అవతలే ఉంది.