ఎడమచేతి గీతలు

1946. బెంగళూరు కంటోన్మెంటులో, ఒకప్పుడు గుర్రాల లాయంగా ఉన్న రేకుల షెడ్డులో నేను కార్లకు పాలిష్ పట్టేవాణ్ణి. యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా రేషనే. ఏళ్ళ తరబడి కొట్టాల్లో పడి ఉన్న కార్లు ఒక్కొక్కటే బయటికొస్తున్న కాలమది. చేతినిండా పని, దానికి తగ్గ పొగరు. నా చేతిలో పడ్డాక మరక మిగిలితే పేరు మార్చుకుంటానని వచ్చినవాళ్ళందరి దగ్గరా కోతలు కోసేవాణ్ణి.

ఒక శనివారం పొద్దున యలహంక నుంచి ఒక కారు వచ్చింది. వచ్చిందంటే తనంతట తాను రాలేదు, జత ఎద్దులు లాక్కొచ్చాయి. మీగడరంగు కారు. బానెట్ నుంచి వెనక మడ్గార్డు దాకా ఎర్రమట్టి పెచ్చులు కట్టి ఉంది. ముందు జట్కాలోంచి పట్టు వ్యాపారి శెట్టిగారు దిగారు. కారు వెనకాలే నడిచొచ్చింది నారాయణమ్మ, ఆయన ఇంట్లో పనిచేసే మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో.

"సోమవారం కొనేవాళ్ళు వస్తారప్పా. అద్దం మాదిరి ఉండల్ల. ఒక్క గీత కనపడినా బేరం పోతాది," అన్నారు శెట్టిగారు.

"ఇంత మట్టి మీదుండగానే కొట్టంలో పెట్టిన పుణ్యాత్ముడు ఎవరండీ?" అన్నాను. నా నోటికి అదుపు తక్కువ.

"మా డ్రైవరు మునెప్ప. ఈయమ్మ మొగుడు. అత్తిబెలె నుంచి వానలో వచ్చినాడు, తెల్లారితే మిలిట్రీ లారీలు తోలేదానికి పొయినాడు. ఇంక తుడిచేదానికి పొద్దు యాడిది? నాలుగేండ్లయె. బర్మా తట్టు నుంచి ఒక జాబు వచ్చినాది, అంతే."

నాలుక కరుచుకున్నాను. నారాయణమ్మ నావైపు చూడనే లేదు. కారు దగ్గరే ఉండమని ఆమెకు చెప్పి శెట్టిగారు వెళ్ళిపోయారు.

ఎండిన మట్టిని గోకితే దాంతోపాటు పెయింటూ లేస్తుంది. అందుకని గోనెసంచులు తడిపి కప్పి, ఆరకుండా మూడు గంటలు నీళ్ళు చల్లుతూ ఉన్నాను. పెచ్చులు మెత్తబడి జారాక ధారగా నీళ్ళు పోసి, సబ్బునీళ్ళతో కడిగి, షామీ తోలుతో తడి అద్ది తీశాను. అది నూనెపెట్టి పదును చేసిన మెత్తటి తోలు. మరక మాత్రం లేత ఎరుపుగా మిగిలింది. దానికి రబ్బింగ్ కాంపౌండ్ కావాలి. పెయింటు పైపొరను పలచగా అరగదీసే ముద్ద అది.

అప్పటికి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుతురులో చూద్దును కదా, బానెట్ నిండా సన్నటి గీతలు. విల్లులాగా ఒంగి, ఒకదాని మీద ఒకటి వందలకొద్దీ. అది కుడిచేతితో తుడిస్తే పడే వంపు కాదు. నా తెలివికి నేనే మురిసిపోయి అడిగాను.

"అమ్మా, మీ ఆయనది ఎడమచేతివాటమా?"

ఆమె చటుక్కున లేచి నిలబడింది. "నీకెట్ల తెలుసప్పా? యాడన్నా చూసినావా? ఎట్లుండాడు?"

అయ్యో, ఎంత పని చేశాను! ఆ ముఖం చూసి నన్ను నేను తిట్టుకున్నాను. చూడలేదని చెప్పి, గీతలు చూపించాను. దుమ్ములో ఇసుక ఉంటుందని, పొడిగుడ్డతో రుద్దితే అది పెయింటును గీస్తుందని, డ్రైవర్లందరూ చేసే తప్పేనని చెప్పాను.

"తప్పా?" ఆమె బానెట్ దగ్గరికి వచ్చింది. "కోడి కూసేటప్పటికి లేచి తుడుస్తా ఉండె కదప్పా. నా మెత్తటి చీర చించి గుడ్డలు చేసుకునె. ఈ గాడీ మీద ఈగ వాలనీకపోయె."

ఆమె ఎడమచేయి బానెట్ మీద ఆనించి, ఆ వంపు వెంబడే మెల్లగా జరిపింది. మళ్ళీ, మళ్ళీ. నేను ఏదో పని ఉన్నట్టు వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

తిరిగొచ్చాక, మరక మిగల్చనని కోతలు కోసిన నేనే ఇలా అన్నాను. "కాంపౌండ్ పడితే ఈ గీతలన్నీ పోతాయమ్మా. ఒక పక్క పట్టకుండా వదిలేస్తాను. శెట్టిగారికి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దప్పా, తీసెయ్. కొన్నోళ్ళు చూసి ఎవడో చేతకానోడు తుడిచినాడంటారు. ఆయన్ని ఆ మాట పడనీను. ఎట్ల తుడవల్లో నాకు నేర్పించు. వచ్చినాక నేనే చెప్తాను. తెలీక చేసినాడు, అంతే కదా."

ఆదివారమంతా నేను కాంపౌండ్ పట్టాను. నా చేతికింద ఆ వంపులు ఒక్కొక్కటే పోతుంటే, చేస్తున్నది పనో పాపమో తెలియలేదు. తర్వాత వ్యాక్స్ పెట్టి మెరిపించాను. వెనక మడ్గార్డు మీద మళ్ళీ దుమ్ము చల్లి ఆమె చేత కడిగించాను. మొదట్లో కుడిచేత్తో పట్టుకున్న తోలును ఆమె ఎడమచేతికి మార్చుకుంది. ఆయన చేతికి ఎట్లా ఒదుగుతుందో చూడాలట.

సోమవారం బేరం కుదిరింది. ఒక్క గీత లేదని శెట్టిగారు నా భుజం తట్టారు. ఆ మెప్పు నాకు ఒంటబట్టలేదు. మునెప్ప వచ్చాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. యలహంక దాకా పోయి అడిగే ధైర్యం చాలలేదు.

పాలిష్‌పనిలో ఇరవై ఏళ్ళున్నాను. ఆ తర్వాత ఏ కారు వచ్చినా, కాంపౌండ్ డబ్బా తెరిచే ముందు దాన్ని ఏటవాలు ఎండలోకి తోయించి, ఎవరి చెయ్యి తిరిగిందో ఒకసారి చూసుకునేవాణ్ణి. గీతలు పెట్టిన డ్రైవరును అంతకుముందు తిట్టేవాణ్ణి. ఆమె వచ్చి వెళ్ళాక ఎవర్నీ తిట్టలేదు. ఆ సోమవారం నారాయణమ్మ ఖాళీ చేతులతో యలహంక దారి పట్టి, పది అడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ముందు నీళ్ళు, వెనక గుడ్డ. అంతే కదప్పా? మరిచిపోను లే. ఆయన వచ్చిన పొద్దే చెప్తాను."