నాన్న కారు ముందు బోర్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ తెల్లారేసరికి ఒకటే బెంగ, కారు జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుందా లేదా అని. మా నాన్న కోస్తా నుంచి హైదరాబాదు వచ్చి, ఉన్నదంతా పెట్టి ఒక్క సినిమా తీశాడు. అది ఆడలేదు. చివరికి మిగిలిన పాత కారుతోనే నటుల్ని షూటింగులకు దింపే పనిలో కుదిరాడు. ఆ పనే మాకు కూడు పెట్టేది.

మా బడి కొండ మీద కావడంతో ముందు నన్ను దింపి, తర్వాత పనికి వెళ్లేవాడు. నా ఒళ్లో ఎప్పుడూ ఒక నీళ్ల డబ్బా ఉండేది. ఎత్తు సగం ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చేది. బండల పక్కన ఆపి, చల్లారేదాకా కూర్చునేవాళ్లం. రేడియేటర్ మూత వెంటనే తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి మరి. ఆ కూర్చోవడం తలుచుకుంటే నాకిప్పటికీ నీరసం వస్తుంది.

రహమత్ నగర్ మెకానిక్ పైపులు మార్చాడు, రేడియేటర్ కడిగించాడు, ఫ్యాను బెల్టు కొత్తది వేశాడు. ప్రతిసారీ పీడ వదిలిందనుకునేవాళ్లం, మళ్లీ మామూలే. ఒకరోజు అతను, "అన్నీ చూసిన సార్. రేడియేటర్‌కు గాలి తగుల్తలేదు. ముంగటి బోర్డు జర తీసి చూద్దాం" అన్నాడు.

అది నాన్న సినిమా కంపెనీ బోర్డు. కారు ముందు గాలి వెళ్లే జాలీని సాంతం కప్పేసే రేకు మీద ఎర్రటి అక్షరాలు. కంపెనీ ఎప్పుడో మూతపడినా బోర్డు మాత్రం అలాగే ఉండేది. నాన్న ముఖం మాడ్చుకుని, "బండి సంగతి చూడవయ్యా, బోర్డుతో నీకేం పని?" అన్నాడు. మెకానిక్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం కారు మళ్లీ ఆవిరి కక్కి ఆగితే, మేకప్‌తో ఉన్న నటుడు నడిరోడ్డు మీద దిగి, వేరే కారెక్కి వెళ్లిపోయాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటామని ఆ షూటింగు కంపెనీ మేనేజరు చెప్పేశాడు. నాన్న ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. నేను వంటింట్లోకి వెళ్లి, మెకానిక్ అన్నది అమ్మకు చెప్పాను. అమ్మ విని గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్న అమ్మ తడిగుడ్డతో ఆ బోర్డు తుడుస్తూ నిలబడింది. "ఏమండీ, ఎండకీ దుమ్ముకీ అక్షరాలు వెలిసిపోతున్నాయి. విప్పి ఇవ్వండి, మన ముందు గదిలో పెట్టుకుందాం" అంది. నాన్న స్పానరు తెచ్చి తానే విప్పాడు. అమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకెళ్లింది. గోడ మీద చోటు చాలక తమ పెళ్లి ఫోటో దించి, అక్కడ తగిలించింది.

ఆ రోజు కారు ఎత్తంతా ఎక్కింది. పైన నాన్న ఆపి బానెట్ ఎత్తాడు. ఆవిరి లేదు. సంతోషిస్తాడనుకున్నాను, కానీ పక్కనున్న బండ మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. తన సినిమా కథ ముగిసిందని ఆయన ఒప్పుకున్నది అక్కడేనని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. కాసేపటికి లేచి, "పదమ్మా, బడికి ఆలస్యమవుతోంది" అన్నాడు.

మెకానిక్ చెప్పిందే నిజమైందని అమ్మ ఏనాడూ అనలేదు. నేను అనబోతే కంటిచూపుతోనే ఆపేసింది.

నాది ఇప్పటికీ దుడుకు నోరే. ఇంట్లో ఎవరి తప్పు కనిపించినా చటుక్కున అనేయాలనిపిస్తుంది. కానీ అనేముందు, విన్న మనిషి ఆ మాటను ఎక్కడ పెట్టుకుంటాడని ఆలోచిస్తాను. చోటు లేకపోతే, అమ్మ పెళ్లి ఫోటో దించినట్టు, నాదేదో ఒకటి దించి చోటు చేస్తాను. అది ఎంత అలసటో చేస్తేనే తెలుస్తుంది. అమ్మ ఒక్కసారి కూడా అలిసిపోయానని చెప్పలేదు.