మా ఆయన వంతు ముక్క

దెయ్యాలున్నాయంటే నేను నమ్మను. కంకిపాడులో ఓ ప్రైవేటు స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతాను. మా ఆయన పోయినప్పుడు, "ఆత్మ ఇంట్లోనే తిరుగుతుంటుందమ్మా" అని ఎవరో ఓదార్చబోతే, బతికున్నప్పుడే ఇంటిపట్టున ఉండని మనిషి ఇప్పుడెందుకుంటాడండీ అని మొహం మీదే అడిగాను. నా నోరు అలాంటిది. ఇదంతా ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను.

మా ఆయనకి తాగుడూ, పేకాటా రెండూ ఉండేవి. పేకలో ఆయనంత దురదృష్టవంతుణ్ణి నేను చూడలేదు. మా అక్క పిల్లలతో సరదాగా ఆడినా ఓడిపోయేవాడు. అలాంటివాడికి ఆయన స్నేహితుడు ప్రసాద్ గోవా నుంచి కొత్త ఆటొకటి పట్టుకొచ్చాడు. తలా ఒక ముక్క పంచుతారు. ఆసు అన్నిటికంటే పెద్దది, రెండు అన్నిటికంటే చిన్నది. ఎవరి ముక్క చిన్నదైతే వాడు గ్లాసు ఖాళీ చేయాలి. అంతే ఆట. ఓ ఆదివారం అలా ఓడిపోయి, తాగి, మళ్ళీ ఓడిపోయి, బండి మీద ఇంటికొస్తూ కాలవలో పడి చచ్చిపోయాడు. ప్రసాద్ శవం మీద పడి ఏడ్చాడు. మరుసటి ఆదివారం యథాప్రకారం ఆడారని తర్వాత తెలిసింది.

సంవత్సరీకానికి ప్రసాదూ, ఆ పేకాటవాళ్ళంతా వచ్చారు. భోజనాలయ్యాక హాల్లో మా ఆయన ఫొటో ముందు ఆకు వేసి, ఆయనకిష్టమైనవన్నీ పెట్టాం. ఓ గ్లాసు మందు కూడా పెట్టాలంది మా అత్తయ్య. తాగే కదా పోయాడు, మళ్ళీ ఇదేమిటన్నాను. "వాడి సరదా వాడికి పెట్టాలే అమ్మాయ్" అని కళ్ళు తుడుచుకుంది. గ్లాసు నేనే తెచ్చి ఆకు పక్కన పెట్టాను.

మా ఇంట్లో ఆకు వేశాక పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. పేరు పెట్టకపోతే దారిన పోయేవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటారని భయం. పిలిచాక తలుపు దగ్గరగా వేసి అందరం బయటికి వెళ్ళిపోతాం. ఆ రోజు అత్తయ్య పిలవబోయేలోపే ప్రసాద్ ఫొటో ముందు చాప పరిచి పేక తీశాడు.

"మావాడు లేకుండా ఆటేంటి? రండ్రా, ఎవడికి దమ్ముంటే వాడు రండి!" అని ఫొటో వైపు చూసి అరిచాడు.

"పేరు పెట్టి పిలువు బాబూ" అని అత్తయ్య బతిమాలింది. వినిపించుకోలేదు.

ఆకు పక్కన మా ఆయనకీ ఒక ముక్క వేస్తాడట. అది ఓడితే ఆ గ్లాసు మా మరిది శ్రీను తాగాలట. "రక్తం పంచుకు పుట్టినోడు, ఆ మాత్రం చెయ్యడా?" అన్నాడు.

శ్రీను అన్న పోయాక మందు మానేశాడు. మాన్పించడానికి డాక్టరు టాబ్లెట్లు రాశాడు. అవి వేసుకుంటూ తాగితే ప్రాణం మీదికొస్తుందని నా ఎదురుగానే చెప్పాడు. శ్రీను భార్యకి నెలలు నిండాయి, పుట్టింట్లో ఉంది. ఇవన్నీ ప్రసాద్‌కి తెలుసు.

"అన్నయ్యగారూ, శ్రీను టాబ్లెట్ల మీదున్నాడండీ. ప్రాణం పోతుంది" అన్నాను.

"తెలుసు చెల్లెమ్మా. టాబ్లెట్టు గొప్పదో, మావాడి ముక్క గొప్పదో చూద్దాం."

అందరూ పడీపడీ నవ్వారు. శ్రీను లేవబోతే ఇద్దరు చెరో భుజం పట్టుకుని కూలేశారు. వాళ్ళను గెంటేద్దామంటే అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు అలిగి లేస్తే కొడుక్కి అన్నం అందదని ఆవిడ బాధ. విదిలించుకుని వంటింట్లోకి వెళ్ళి, రాత్రికని మరుగుతున్న చారు గిన్నె పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. శ్రీను నోటి దగ్గరికి గ్లాసు వస్తే అది ప్రసాద్ నెత్తిన పోసేదాన్నే.

ఆ అవసరం రాలేదు. మా ఆయన ముక్క తిప్పితే ఆసు. అందరికంటే చిన్నది ప్రసాద్‌ది. తాగాడు. మళ్ళీ పంచితే మళ్ళీ ఆసు, మళ్ళీ ప్రసాదే తాగాడు. ముక్కలు తనే కలిపాడు, ఇంకొకడితో కోయించాడు. అదే వరస. ఇలా కాదని, పెద్ద ముక్క వచ్చినవాడు తాగాలని రూలు తిరగేశాడు. ఈసారి ఫొటో దగ్గర రెండు పడింది. ఆసు ప్రసాద్‌కి పోయింది. సీలు తియ్యని కొత్త పేక తెప్పించినా అంతే. నాకు లెక్కలొచ్చు. ఒకసారి అలా పడొచ్చు, రెండుసార్లు పడొచ్చు. అన్నిసార్లు పడవు.

"ఆపేద్దాం రా, నాకేదో భయంగా ఉంది" అన్నాడొకడు.

"చచ్చినోడు నన్ను ఓడిస్తాడా? మొదటి రూలే! పంచు!" అన్నాడు ప్రసాద్.

నేను చారు గిన్నె కింద పెట్టాను. "తాగండి అన్నయ్యగారూ, మీ ఆటేగా" అని గ్లాసు నేనే నింపి ఇచ్చాను. నీళ్ళు కలపలేదు. అతను తాగుతుంటే నా కడుపు చల్లబడింది.

ఆఖరిసారి ప్రసాద్‌కి మూడు వచ్చింది. ఫొటో దగ్గరి ముక్క తిప్పడానికి చెయ్యి చాపాడు కానీ తిప్పలేదు. చెమటలు కారిపోతున్నాయి. "చాల్లేరా బాబూ, నేనే తాగుతా" అని ఫొటోకి దణ్ణం పెట్టి గ్లాసెత్తాడు. సగంలోనే మూతి పక్కకి పోయింది. అలాగే ఆకు మీదికి ఒరిగిపోయాడు.

బతికాడు. కుడి చెయ్యి లేవదు, వాళ్ళావిడే తినిపిస్తుంది. పలకరించడానికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను. జాలి మాత్రం కలగలేదు.

ఆ సాయంత్రం వాళ్ళు ప్రసాద్‌ని కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాక హాలు సర్దాను. మా ఆయన ముక్క ఇంకా బోర్లానే ఉంది. తిప్పాను. ఇస్పేటు రెండు.

అంటే ఆ ఆట మా ఆయన ఓడిపోయాడు. లెక్క ప్రకారం ఆ గ్లాసు శ్రీను తాగాలి. పెరట్లో వంటల పొయ్యి ఇంకా ఆరలేదు. ముక్కని అందులో పడేశాను.

శ్రీనుకి ఆడపిల్ల పుట్టింది. "అన్నయ్యే కాపాడాడు వదినా" అని రోజూ ఫొటోకి దండ వేస్తాడు. వెయ్యనీ అని ఊరుకుంటాను. ఆ ఆఖరి ముక్క ఆడింది మా ఆయనే, అందులో నాకు అనుమానం లేదు. అలా ఓడిపోవడం ఆయనకే చేతనవును. మరి అంతకు ముందు ఆయన ఆకు దగ్గర కూర్చుని గెలిచిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.