ఒడ్డునే తిరిగే పెద్ద ట్రౌట్

మంగళవారం పొద్దున అంకుల్ ఫోన్ చేసి, ఆంటీ నిద్రలోనే వెళ్ళిపోయారని చెప్పారు. ఊపిరితిత్తుల జబ్బు చాలాకాలంగా ఉన్నదే. అయినా ఆ మాట వినగానే నా కళ్ళముందు మెదిలింది ఆ జబ్బు కాదు. కొండ సరస్సు ఒడ్డున చేపలు పట్టే రాడ్ విల్లులా వంగిపోతుంటే వెలిగిపోయిన ఆవిడ మొహం.

ఆంటీ డెన్వర్‌లో పిల్లల డాక్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యారు. నేను ఉద్యోగం మారి జెర్సీ సిటీ నుంచి వచ్చి వాళ్ళ పక్కింట్లో దిగిన కొత్తలో, వీకెండ్‌లో ఏం చేస్తావని అడిగారు. నిద్రపోతానన్నాను. ఆ శనివారం పొద్దున్నే రెండు రాడ్లు, దిబ్బరొట్టె డబ్బా పట్టుకుని వచ్చి తలుపు కొట్టారు. దారిలో ఆగి నాకు ఫిషింగ్ లైసెన్స్ కూడా తీయించారు.

సరస్సు దగ్గర నేను తిన్నగా నీళ్ళంచుకి వెళ్ళి, బలమంతా పెట్టి ఎరని దూరంగా విసిరాను. ఆవిడ నా భుజం పట్టుకుని వెనక్కి లాగారు. మంచు కరిగే రోజుల్లో పెద్ద ట్రౌట్ చేపలు తిండి కోసం ఒడ్డు వెంబడే తిరుగుతాయని చెప్పారు.

"ఇప్పుడు నువ్వు నిలబడ్డావే, అక్కడికే వస్తుంది," అన్నారు.

నేను నమ్మలేదు. కాసేపటికి మోకాల్లోతు నీళ్ళలో, నా చెయ్యంత పొడవున్న నీడ ఒకటి రాళ్ళ పక్కనుంచి తీరిగ్గా సాగిపోయింది. ఆ తర్వాత మంచు కరిగే కాలమొస్తే నేను శనివారాలు నిద్రపోయింది లేదు.

చేపని ముట్టుకునే ముందు ఆంటీ తప్పకుండా చేతులు తడుపుకునేవారు. పొడి చేతులు తగిలితే దాని ఒంటిమీది జిగురు ఊడిపోతుందట. "పసిపిల్లల్ని పట్టుకోవాలంటే చేతులు వెచ్చబెట్టుకునేదాన్ని. వీటికేమో చల్లబరచుకోవాలి," అని నవ్వేవారు. చిన్నవైతే పులుసుకి. పెద్దది పడితే మాత్రం, దీనికింకా పని ఉందంటూ వదిలేసేవారు.

కిందటి జూన్‌లో, అంత ఎత్తుకి వెళ్ళొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అంకుల్ కూడా బతిమాలారు. ఒక్క గంట చాలన్నారు ఆంటీ. చివరికి అంకులే డ్రైవ్ చేశారు. భుజాన ఆక్సిజన్ మెషీన్, ముక్కుకి గొట్టం. సరస్సు మధ్యలో ఇంకా మంచు పలక తేలుతోంది. ఒడ్డు పక్క మాత్రమే నీళ్ళు.

ఆవిడ ఎరని దూరంగా విసరలేదు. ఒడ్డుకి సమాంతరంగా వేసి, దారాన్ని మెల్లగా రీల్‌కి చుడుతున్నారు. ఉన్నట్టుండి రాడ్ కిందికి వంగింది. రీల్ గిర్రున తిరిగింది. చేప మంచు పలక కిందికి దూసుకుపోతోంది. ఆ అంచుకి ఒరుసుకుంటే దారం తెగిపోతుంది. ఆంటీ ఆయాసపడుతున్నారు. రాడ్ నాకిచ్చేయమని అంకుల్ అన్నారు.

"నిలబడలేకపోతే కూర్చుని పట్టుకుంటాను," అని ఆవిడ అక్కడే ఉన్న రాతిమీద కూర్చున్నారు.

రాడ్‌ని పక్కకి వంచి పట్టి, చేప లాగినప్పుడు వదులుతూ, అలసినప్పుడు చుడుతూ దాన్ని మంచు నుంచి మళ్ళించారు. నేను బూట్లతోనే నీళ్ళలోకి దిగిపోయాను. చలికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. నా నెట్‌లో చేప తల పట్టింది, తోక బయటే ఉండిపోయింది. అంత చేపని నేనెప్పుడూ చూడలేదు. వద్దు వద్దన్న అంకులే ఎగిరి చప్పట్లు కొట్టారు.

ఆంటీ ఒడ్డున మోకాళ్ళమీద కూర్చుని, చేతులు తడుపుకుని, దాన్ని నీళ్ళలోనే పట్టుకున్నారు. మొప్పలు మెల్లగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. "తొందరేం లేదు, ఊపిరి తీసుకో," అన్నారు దానితో.

చేప ఒక్కసారి తోక ఆడించి లోతులోకి జారిపోయింది. ఆవిడ వెంటనే లేవలేదు. చలికి ఎర్రబడిన ఆ చేతులు, వేళ్ళు విప్పి, అలాగే కాసేపు నీళ్ళలో ఉండిపోయాయి.