రొయ్య కంట్లో లేచిన రెండు కొండలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. తోటపల్లి గూడూరు దగ్గర, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో నేను గాజు సామాను కడిగే పనిలో చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు రొయ్యల కంపెనీలో తలలు వొలిచాను. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. సీసాల మీద పేర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే ఎక్కువ.

ఆ గది కిటికీలు తూర్పుకు ఉండేవి. పొద్దున్నే గుంటల మీది మంచు అద్దాలకు ఆనుకుని నిలబడేది. కడిగి బోర్లించిన గొట్టాల్లో వెలుతురు నీళ్లలా కదిలేది. ఒక్కోసారి నేను నీటి అడుగున పని చేస్తున్నానేమో అనిపించేది.

నెల్లూరు టౌను నుంచి వచ్చిన లావణ్య అనే అమ్మాయి అక్కడ రొయ్యల కళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఏం వెతుకుతున్నావని అడిగితే ఒకరోజు విడమరిచి చెప్పింది.

"జీవకణం చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటాది పోలమ్మక్కా. కొన్ని ప్రొటీన్లు ఆ పొరను పట్టుకోని ఉండాల. వాటికి చేతులుండవు గదా, అందుకని చిన్న కొవ్వు తోక తగిలించుకోని దాన్ని పొరలో గుచ్చుతాయి."

"పడవకు లంగరు మాదిరా?"

"లంగరే! మేము కూడా యాంకర్ అనే అంటాం. రొయ్య కంట్లో వెలుతురు పనికి సాయపడే ప్రొటీను ఒకటుండాది. దాని లంగరు ఏ కొవ్వుతో అయిందో నేను కనుక్కోవాల."

పని ఇలా సాగుతుంది. ప్రొటీనును వేరు చేసి క్లోరోఫాంతో పదేపదే కడుగుతారు. విడిగా ఉన్న కొవ్వంతా అందులో కరిగి పోతుంది, గట్టిగా అంటుకున్న లంగరు మాత్రం మిగులుతుంది. తర్వాత గాజు మూత గొట్టంలో యాసిడ్ పోసి వేడి చేస్తే అది ఊడి వస్తుంది. దాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలోకి పంపుతారు. మేము జీసీ అంటాం. ఒక్కో కొవ్వు ఒక్కో సమయానికి బయటపడి కాగితం మీద కొండలా గీత లేపుతుంది. ఆ కొండ పేరు పీక్.

లావణ్యకు నెలాఖరు దాకే గడువు ఉంది. మూడేళ్లలో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. పరిశోధనశాల నడిపే పెద్దసారుకు ఏదో ఒకటి చూపించకపోతే పరిశోధన సగంలో వదిలి వెళ్లిపోవాల్సిందే.

ఒక ఉదయం జీసీ గదిలోంచి కేకేసింది. "అక్కా, రా! ఇటు రా!"

కాగితం మీద రెండు ఎత్తైన కొండలు.

"ఇది లారిక్, ఇది మిరిస్టిక్. మిరిస్టిక్ ఉంటాదనుకున్నా గానీ లారిక్ ఇంత ఎత్తున లేస్తాదని కల్లో కూడా అనుకోలా. పెద్ద జంతువుల కళ్లల్లో రెండూ ఉంటాయని చదివినా. రొయ్యలో ఉంటే పెద్ద సంగతే!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఒక తమాషా చెప్పనా? కొబ్బరినూనెలో ఎక్కువుండేవి కూడా ఈ రెండే. ఒడ్డున చెట్టు కాయలో, నీళ్లల్లో రొయ్య కంట్లో ఒకే కొవ్వు!"

ఒక్క నిమిషం నాకూ అది కనిపించింది. కొబ్బరిచెట్లు ఇసుక కిందుగా వేళ్లు చాచి, రొయ్యల కళ్లల్లో చుక్క చుక్కగా నూనె పోస్తున్నాయి. మరు నిమిషం నా నూనె గుడ్డ గుర్తొచ్చింది.

మా తీరంలో ఉప్పుగాలికి ప్రతిదీ బిగుసుకుపోతుంది. తాళాలు, గొళ్లేలు, పడవ ఇంజను నట్లు, వేటికైనా వేలితో కాస్త కొబ్బరినూనె అంటించడం ప్రతి ఇంట్లో ఉన్న పనే. లావణ్య గొట్టాల గాజు మూతలు కూడా అలాగే బిగుసుకునేవి. ఒకసారి తిప్పబోయి విరగ్గొట్టి వేలు కోసుకుంది. అప్పటి నుంచి, కడిగి ఆరబెట్టిన మూతలను నూనె తగిలిన గుడ్డతో ఒక్క తుడుపు తుడుస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. అది చెప్పేంత పని అనుకోలేదు.

ప్రతిసారీ ఏమీ వేయని గొట్టాన్ని కూడా పరీక్షిస్తారు, మురికి ఎక్కడి నుంచైనా కలుస్తోందేమో తెలియడానికి. దాన్ని బ్లాంక్ అంటారు. లావణ్య బ్లాంకుకు వాడింది తిప్పి బిగించే మరమూత ఉన్న కొత్త గొట్టం. దానికి నా గుడ్డ తగల్లేదు, అందుకే అందులో ఏ కొండా లేవలేదు.

సాయంత్రం గుంట కట్టల మీదుగా ఇంటికి నడిచాను. నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి, ఆకాశం ముక్కలై మళ్లీ అతుక్కుంటోంది. చెబితే పిల్ల మూడేళ్ల కష్టం పోతుంది. చెప్పకపోతే లేని కొవ్వును రొయ్య కంటికి అంటగట్టినట్టే. పైగా ఆ అబద్ధాన్ని తెలియకుండా మోసేది ఆ పిల్లే.

మర్నాడు ఆమె ముందు నిలబడ్డాను. "అమ్మా, ఆ గాజు మూతలకు నేను కొబ్బరినూనె రాసినాను."

"ఏ మూతలకు?"

"అన్నిటికీ. నీ వేలు తెగినకాడ నుంచి."

"ఎవురు రాయమన్నారు నిన్ను?"

"ఎవురూ అన్లా."

"నెత్తికి రాసుకోకూడదా తల్లీ! నా గొట్టాలే దొరికినాయా నీకు?" అంది. అది ఏడుపో నవ్వో తెలియలేదు. కళ్లు తుడుచుకుని లేచింది. "ఉండు. నువ్వు చెప్పినావని ఆ కొండల్ని నేను కొట్టెయ్యను. చూడాల గదా."

రెండు ఖాళీ గొట్టాలు తీసుకుంది. ఒక మూతకు నా చేత నూనె గుడ్డ తుడిపించింది, ఇంకోదాన్ని క్లోరోఫాంతో మూడుసార్లు కడిగించింది. నూనె గొట్టం నుంచి అవే రెండు కొండలు లేచాయి. రెండోది పోటు తగ్గిన ఇసుకలా చదునుగా వచ్చింది.

మిగిలిన పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. తెల్లారేసరికి గుంటల నుంచి రొయ్యలు తెచ్చాను. ఈసారి అన్నీ మరమూత గొట్టాలే. చివరిరోజు ఇద్దరం జీసీ ముందు కూర్చున్నాం. లారిక్ రావాల్సిన సమయం వచ్చింది, గీత కదల్లేదు. లావణ్య నా మణికట్టు పట్టుకుంది. మిరిస్టిక్ దగ్గర గీత నెమ్మదిగా లేచి, చీమలపుట్టంత ఎత్తుకు వెళ్లి దిగింది. మూడుసార్లు పెట్టాం. మూడుసార్లూ అంతే.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే. కానీ ఇది రొయ్యదే అక్కా."

పెద్దసారుకు ఆమె చిన్న కొండతో పాటు ఆ రెండు పెద్ద కొండల కథ కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఇంకో ఆరు నెలలు గడువిచ్చి, "నూనె సంగతి రికార్డులో ఉందా?" అని అడిగారు. లేదు. లావణ్య నోటుబుక్కు తెచ్చి పెన్ను నా చేతికిచ్చింది. అప్పటిదాకా అందులో నేను తేదీలు, గొట్టాల నంబర్లే వేసేదాన్ని. ఆ రోజు నిదానంగా రాశాను: "గాజు మూతలకు కొబ్బరినూనె రాసినది నేను. విరగకుండా ఉంటాయని రాశాను. ఎవరికీ చెప్పలేదు. పోలమ్మ."

మంచికని చేసిన పని కూడా నమూనాలో కలిసిపోతుంది. ఏం కలిసిందో యంత్రం చూపించగలదు గానీ, ఎందుకు కలిసిందో చూపించలేదు. ఆ మాట చేసినవాళ్లే రాయాలి.