మూట మీద పేరు

మేనకోడలు నోరు పెంచకుండా గెలిచిన తగువు మేనత్త కళ్లారా చూసింది ఒక్కటే. ఇంటి కింది లాండ్రీలో ఆ పిల్ల కోటు పోయింది. "నా చేతి మీదుగా ఒకరి గుడ్డ ఇంకొకరికి పోవడమా? పాతికేళ్ల సర్వీసు నాది!" అని లాండ్రీ ఆయన గుండెలు బాదుకున్నాడు. మేనకోడలు మర్నాడు వెళ్లి, "మూడో అంతస్తు మూట" అంది. ఆయన తలెత్తకుండానే ఇచ్చేశాడు.

"నేనుండేది మొదటి అంతస్తులో కదండీ."

సాయంత్రానికల్లా కోటు ఇంటికొచ్చింది.

ఇంట్లో అందరూ ఆమెను గునపం అంటారు. మొదలుపెట్టిందంటే నీళ్లు పడేదాకా తవ్వుతుంది. ఆస్పత్రిలో కిటికీ లేని ఓ గదిలో, ఏసీ చలికి శాలువా కప్పుకుని కంప్యూటర్లు చూసుకోవడం ఆమె ఉద్యోగం. అక్కడి కంప్యూటర్లను నడపడానికి కొత్తగా వచ్చిన యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆమెకు అనుమానం పుట్టింది. ఇక కంచం ముందు కూడా అదే ధ్యాస.

"ఏమిటే ఆ పరధ్యానం?" అంది మేనత్త.

"రూట్ అని ఒకటుంటుంది అత్తా..."

"ఏ రూటు? ఎనిమిదో నంబరు బస్సా?"

"బస్సు కాదు, యజమాని. మిషన్లో వాడి మాటకు ఎదురులేదు. వాడి తరఫున ఒక ప్రోగ్రాం పది నిమిషాలకోసారి అందరూ వాడే ఫోల్డర్‌లోకి తొంగిచూస్తుంది. ఫలానా పేరున్న ఫైలు కనబడితే చాలు, అందులో రాసింది రాసినట్టు చేసేస్తుందనిపిస్తోంది. ఎవరు పెట్టారో చూడదు."

"అంటే మన లాండ్రీ ఆయనే!"

గునపం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వారం నుంచి పై అధికారికి చెప్పలేక చస్తున్న మాట అది.

మర్నాడు వాడకంలో లేని మిషన్ ఒకటి తీసి, ఏ అధికారమూ లేని మామూలు లాగిన్‌తో, 'ఈ లాగిన్‌కు రూట్ అధికారం ఇవ్వు' అని రాసి ఆ పేరుగల ఫైలు పెట్టింది. పది నిమిషాలాగి 'నేనెవర్ని?' అని అడిగింది. ఆ మిషన్లను అలా అడగడానికి ఒక ఆజ్ఞ ఉంటుందట. 'రూట్' అంది మిషన్.

రాత్రి ఇంట్లో ఆ మాట విని మేనత్తకు ఒళ్లు మండింది. "గుమ్మంలోకొచ్చిన ప్రతివాణ్ణీ యజమానీ అంటుందా? సిగ్గులేని మిషను!"

అధికారి మాత్రం నవ్వేశాడు. "నీలాంటి మేధావికి తప్ప ఇవన్నీ ఎవరికి చేతనవుతాయమ్మా? తర్వాత చూద్దాంలే." సోమవారం పదింటికి రోగుల కాగితాలన్నీ ఆ సిస్టమ్‌లోకి ఎక్కుతాయి. ఆ పైన ఎవడైనా ఎవరి మందుచీటీనైనా మార్చేయగలడు.

ఆదివారం గునపం వచ్చి మేనత్త పక్కన చతికిలబడింది.

"అత్తా, నువ్వెంతవరకు చదివావు?"

"రెండో తరగతి. మూడోది నాకు అక్కర్లేకపోయింది."

"కంప్యూటరు ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"దుమ్ము దులపడానికి కూడా ముట్టుకోలేదు."

"అయితే రేపు తొమ్మిదింటికి నాతో ఆస్పత్రికి రా. ఆ ఖాళీ మిషన్ ముందు, మా అధికారి పక్కన కూర్చోబెడతాను. చీటీ మీద ఒక లైను రాసిస్తాను. చదవక్కర్లేదు, బొమ్మలు పోల్చుకున్నట్టు పోల్చుకుని ఒక్కో మీటా నొక్కు."

"నలుగురిలో నా చదువు బయటపెడతావటే?"

"నాక్కావాల్సింది అదే అత్తా! పది నిమిషాలయ్యాక, ఆయన చూస్తుండగా, ఇంకో చీటీ చూసి 'నేనెవర్ని' అని నువ్వే అడగాలి. కళ్లద్దాలు మర్చిపోకు."