అవ్వ అతికిన పడుగు

ధర్మవరంలో మా ఇంట్లో నాయన కాళ్లు దించి కూర్చుని నేసిన మగ్గం గుంట పూడ్చి పైన బండలు పరిచేశారని నాకు మొదట చెప్పింది మా చిన్నమ్మ కూతురు సరోజ. హిందూపురంలో మా ఇంటికొచ్చి, కాఫీ తాగినాక, సంచిలోంచి పాత గుడ్డ మూట తీసి నా ఒళ్లో పెట్టింది. విప్పితే మగ్గానికుండే దువ్వెనలాంటి పన్నెలోనే మిగిలిపోయిన పడుగు కొన, జానెడు నిలువు పట్టు పోగులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజి వాసన, దాని వెనక సన్నగా బూడిద వాసన. నిజంగా ఉందో, నాకే తోచిందో. ఆ బూడిద మా అవ్వ నాగమ్మ వేళ్లది.

పడుగు నేయడం అయిపోతే అంతా కోసేయరు. పన్నెలో కాస్త కొన ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొనలకు అతుకుతారు. మా ఇంట్లో ఆ పని అవ్వది. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి, పళ్లెంలో బూడిద పోసుకుని, వేళ్లకు అద్దుకుంటూ పోగుకు పోగు మెలిపెట్టేది. బడికి పోని నాకు నాయన అక్షరాలు దిద్దించింది కూడా ఆ బూడిదలోనే.

పెళ్లిళ్ల కాలంలో నాయన మగ్గం చప్పుడుకే మేం నిద్రలేచేవాళ్లం. ఎండలు ముదిరితే మామిడిపండ్ల రసంలో ఓళిగలు, మగ్గం పక్కన చల్లని నేల మీద సరోజా నేనూ గచ్చకాయలు. అంత నిండుగా ఉన్న రోజుల్లోనూ అవ్వ దీపం ముందు కూర్చుంటే ఒక పట్టాన లేచేది కాదు. నాయన మగ్గం గుంటలోంచే నవ్వేవాడు.

“మనింట్లో అంతా బాగుండాది గదమ్మా, దేవున్ని పక్కింటికి పొమ్మను.”

“బాగుండాదనే పిలుస్తాండా. పోగు తెంపుకొంటే మల్ల కొన యాడ దొరుకుతాదిరా?” అనేది అవ్వ, తల తిప్పకుండానే.

నేను ఓణీ వేసుకున్న ఏడు నాయన చూపు మందగించింది. ముందు జరీ కనపడలేదు, తర్వాత రంగులు, ఆఖరుకు నా ముఖం. పెనుకొండలో డాక్టరు లాభం లేదన్నాడు. ఏనాడూ దండం పెట్టని మనిషి కదిరి నరసింహస్వామికి మొక్కుకుని, తల నీలాలిచ్చి, పొర్లుదండాలు పెట్టాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది నేనే. చూపు రాలేదు.

తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే కూర్చుని అడిగాడు. “నేనంటే తెంపుకొంటి. నువ్వు తెంపుకోకపోతివి గదమ్మా, నీ కొడుక్కి ఇట్లెందుకాయ?”

“తెలీదు నాయనా,” అంది అవ్వ. “బాగుండేటప్పుడు ఎందుకిస్తివని అడగలేదు. ఇప్పుడు అడిగేకి నోరు రాలేదు.”

మరునాడు ఎప్పటిలాగే దీపం పెట్టింది. కొడుకు మళ్లీ నేస్తాడేమోనని ఆ వానాకాలమంతా కూర్చుని కొత్త పడుగు మొత్తం అతికింది. అది అట్లాగే దుమ్ము పట్టింది. ముందు అవ్వ పోయింది, తర్వాత నాయన. ఆ పడుగును ఎవరూ నేయలేదు; సరోజ తెచ్చింది అందులో మిగిలిన జానెడే.

గుంట లేదు, బూడిద పళ్లెం లేదు, మగ్గం చప్పుడుకు లేచే పిల్లలు లేరు. నాయన అడిగినదానికి నాకూ జవాబు దొరకలేదు, ఇక దొరుకుతుందన్న ఆశా లేదు. ఆయన కళ్లు నన్ను చూసిన కాలానికి మాత్రం రోజూ దండం పెట్టుకుంటాను.

కష్టం వచ్చిన రోజు దేవుణ్ణి మీరెలాగూ తలుచుకుంటారు. ఇంట్లో అందరూ కడుపునిండా తిని, ఎవరికీ ఏ నొప్పీ లేని ఒక మామూలు పొద్దున, మా అవ్వ నాగమ్మను ఒకసారి తలుచుకోండి.